మొదటి మెట్టు చివరికి వచ్చిన చోట: ఎమిరేట్స్‌లో ఫార్ములా 4 చరిత్ర

మోటారు పందేల పరిభాషలో 'సింగిల్ సీటర్' అంటే ఒక్కరే కూర్చునేందుకు వీలున్న, నాలుగు చక్రాలూ శరీరానికి బయట తెరిచినట్టు కనిపించే పందెపు కారు. అలాంటి కారుకు ఎంత ఇంజన్ ఉండాలి, ఎంత బరువు తూగాలి, ఏ టైర్లు వాడాలి అని ముందుగానే రాసిపెట్టిన నియమావళిని 'ఫార్ములా' అంటారు. లోకమంతా ఎరిగిన ఫార్ములా 1 ఈ నియమావళుల్లో అన్నిటికంటే పైనున్నది కాగా, దాని కిందుగా మెట్లు మెట్లుగా మరికొన్ని ఫార్ములాలు ఉన్నాయి. పిల్లలు ఏడెనిమిదేళ్ల వయసులో స్ప్రింగులు కూడా లేని చిన్న చట్రపు బండి మీద, అంటే గో-కార్టు మీద, పందెం నేర్చుకుని, పదిహేనేళ్లు నిండగానే తొలిసారి అసలైన రేసు కారులో కూర్చునే మెట్టును ప్రవేశ తరగతి అంటారు. గత దశాబ్దంగా చాలా దేశాల్లో ఆ మెట్టు పేరు ఫార్ములా 4.

సాధారణంగా ఇలాంటి మెట్లు కిందినుంచి పైకి పుడతాయి: ముందు చవక బండ్లతో ఔత్సాహికులు పోటీ పడతారు, వారిలో మెరికల్లాంటివారు ఎదుగుతారు, వారికోసం పెద్ద ట్రాకులు వెలుస్తాయి, చివరికి ప్రపంచ స్థాయి పోటీ ఆ దేశానికి వస్తుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఈ క్రమం తలకిందులైంది. అక్కడ పై మెట్టు ముందు కట్టి, మొదటి మెట్టును ఆఖరున తెచ్చి అమర్చారు. ఆ తారుమారు క్రమమే ఆ దేశపు ఫార్ములా 4 స్వభావాన్ని నేటికీ నిర్ణయిస్తోంది.

ఈ చరిత్రను దుబాయ్ నగరపు తూర్పు కొసన, షార్జా సరిహద్దును ఆనుకుని ఉన్న అల్ కుసైస్ నుంచి చూడటంలో ఒక సౌలభ్యం ఉంది. భారతీయ కుటుంబాలు ఎక్కువగా కాపురముండే ఈ పేటలో ఒకవైపు బహుళ అంతస్తుల నివాస భవనాలు, మరొకవైపు పారిశ్రామిక వాడలో వరుసగా గ్యారేజీలు, డెంటింగు-పెయింటింగు షెడ్లు, టైర్ల దుకాణాలు కనిపిస్తాయి. వాహనాల తనిఖీ, రిజిస్ట్రేషన్ జరిగే కేంద్రం, డ్రైవింగ్ నేర్పే పెద్ద సంస్థల్లో ఒకటైన ఎమిరేట్స్ డ్రైవింగ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇక్కడే ఉన్నాయి. ఉద్యోగానికి వచ్చిన ఎందరో తెలుగువారికి దుబాయ్ లైసెన్సు అంటే గుర్తొచ్చే చోట్లలో అల్ కుసైస్ ఒకటి. ఈ ప్రాంతానికి, పక్కనున్న ముహైస్నాకు చేరువగా సాగే షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డును పట్టుకుని నైరుతి దిక్కుగా సుమారు 30 కిలోమీటర్లు వెళితే మోటార్ సిటీ, అందులో దుబాయ్ ఆటోడ్రోమ్ వస్తాయి. ఒకే దారి మీద ఉన్నా, ఒకటి మామూలు మనిషి బండి నేర్చుకునే చోటు, రెండోది దేశదేశాల కుర్రాళ్లు పందెపు కారు నేర్చుకునే చోటు.

ప్రవేశ తరగతి అన్న ఆలోచన పుట్టింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాతి బ్రిటన్‌లో. పెట్రోలు రేషనుకు, డబ్బు కటకటకు లోనైన ఔత్సాహికులు 1946 ప్రాంతంలో 500 సీసీ మోటారు సైకిల్ ఇంజన్లను చిన్న కార్లకు బిగించి పందేలు మొదలుపెట్టారు. తండ్రి చార్లెస్, కొడుకు జాన్ కలిసి నడిపిన కూపర్ కంపెనీ సర్బిటన్‌లోని గ్యారేజీలో ఇంజన్‌ను డ్రైవరు వీపు వెనుక పెట్టి కట్టిన కారు ఆ తరగతిలో బాగా నెగ్గుకొచ్చింది. ముందువైపు గొలుసులు, షాఫ్టులు లేకుండా ఇంజన్‌ను వెనుక చక్రాల దగ్గరే పెట్టడమన్నది చవకదనం కోసం తీసుకున్న నిర్ణయం. 1950ల చివరికల్లా అదే ఏర్పాటు ఫార్ములా 1ను జయించింది. స్టర్లింగ్ మాస్ 1948లో పందేలకు దిగింది ఈ 500 సీసీ కూపర్‌తోనే. 1950లో ఈ తరగతికి అంతర్జాతీయ గుర్తింపు లభించి ఫార్ములా 3 అన్న పేరు వచ్చింది. గుర్తింపుతో పాటు ఖర్చూ పెరిగి, అది సామాన్యుడి చేతికి అందకుండా పోయింది.

ఆ ఖాళీని అమెరికాలో 1963లో ఫార్ములా వీ నింపింది. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజను, గేర్‌బాక్సు, ముందు ఇరుసు యథాతథంగా తీసుకుని చుట్టూ ఒక పందెపు శరీరం తొడిగితే సరిపోయేలా ఆ నియమావళి రాశారు. నాలుగేళ్లకు బ్రిటన్‌లో బ్రాండ్స్ హాచ్ ట్రాకు అధిపతి జాన్ వెబ్, అక్కడి రేసింగ్ శిక్షణ పాఠశాలను నడిపిన జెఫ్ క్లార్క్ ఇదే సూత్రాన్ని ఫోర్డ్ ఇంజన్‌కు అన్వయించారు. శిక్షణలో కుర్రాళ్లు ఖరీదైన రేసింగ్ ఇంజన్లను పేల్చేస్తుంటే, వాటి స్థానంలో బజారు కారైన కార్టినా జీటీ 1500 సీసీ ఇంజన్ పెడితే చాలని వారు గ్రహించారు. 1967 జులై 2న బ్రాండ్స్ హాచ్‌లో జరిగిన తొలి ఫార్ములా ఫోర్డ్ పందెంలో లోటస్ 51 కారుతో రే అలెన్ గెలిచాడు. కారు ధర 1,000 పౌండ్లు దాటకూడదన్నది తొలి నియమం.

ఫార్ములా ఫోర్డ్ కారును దగ్గరగా చూస్తే ప్రవేశ తరగతి తత్త్వం అర్థమవుతుంది. ఉక్కు గొట్టాలను అతికించి చేసిన చట్రం, గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమే రెక్కలు లేకపోవడం, రోడ్డు కార్ల టైర్లను పోలిన సన్నని టైర్లు — ఇవన్నీ కలిసి డ్రైవరుకు అరువు బలం ఇవ్వవు. మలుపులో బండి జారితే దాన్ని చేతులతో, పాదంతో సరిదిద్దుకోవాల్సిందే. అందరి దగ్గరా ఒకే ఇంజన్ ఉన్నప్పుడు గెలుపు ఎవరిదో తేల్చేది నేర్పు అన్న నమ్మకం అప్పటి నుంచి ఈ తరగతులన్నిటికీ మూలమంత్రమైంది. 1981లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ టైటిళ్లు గెలిచిన అయర్టన్ సెన్నా ఆ నమ్మకానికి నిలువెత్తు సాక్ష్యం.

అయితే ఈ తరగతి ప్రతిసారీ ఒకే జబ్బున పడుతూ వచ్చింది. నియమావళి ఎంత గట్టిగా రాసినా, నెగ్గాలన్న తపన ఉన్నవాడు ఏదో ఒక సందు వెతికి డబ్బు గుమ్మరిస్తాడు. అతనితో సమానంగా నిలవాలంటే మిగిలినవారూ గుమ్మరించాలి. 2002లో జర్మనీలో మొదలైన ఫార్ములా బీఎండబ్ల్యూ తరగతి అదే సంస్థ మోటారు సైకిల్ ఇంజన్‌తో 140 అశ్వశక్తి కార్లను అందరికీ ఒకే తీరుగా ఇచ్చి ఈ జబ్బుకు మందు వెతికింది; తొలి ఏడు నికో రోస్‌బెర్గ్, 2004లో 20 పందేల్లో 18 గెలిచి సెబాస్టియన్ వెటెల్ అక్కడ చాంపియన్లయ్యారు. అదే కాలంలో ఫార్ములా రెనో వంటి తరగతులు ఎక్కడికక్కడ వెలిసి, ఏ దేశంలో ఏది తొలి మెట్టో తెలియని గందరగోళం ఏర్పడింది. దాన్ని చక్కదిద్దే పనిని అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్ఐఏ తన సింగిల్ సీటర్ కమిషన్‌కు అప్పజెప్పింది. మాజీ ఫార్ములా 1 డ్రైవర్ గెర్హార్డ్ బెర్గర్ అధ్యక్షతన ఆ కమిషన్ 2013లో ఫార్ములా 4 నియమావళిని ముందుకు తెచ్చింది. 2014లో ఇటలీలో జరిగిన పోటీలో కెనడా కుర్రాడు లాన్స్ స్ట్రోల్, 2015లో బ్రిటన్‌లో లాండో నోరిస్ గెలిచారు. బ్రిటన్‌లో ఫార్ములా 4 అన్న పేరు అప్పటికే మరో పోటీ చేతిలో ఉండటంతో, తొలి ఏడు దాన్ని ఎంఎస్ఏ ఫార్ములా అని పిలవాల్సి వచ్చింది.

ఎమిరేట్స్‌లో మోటారు క్రీడ చాలాకాలం ఇసుకకే కట్టుబడి ఉంది. మధ్యప్రాచ్య ర్యాలీ టైటిల్‌ను 14 సార్లు గెలిచిన మొహమ్మద్ బిన్ సులాయెం ఆ కాలపు కథానాయకుడు. ఎడారి దిబ్బల మీద జరిగే డెజర్ట్ చాలెంజ్ 1991లో మొదలైంది. సర్క్యూట్ పందెం రుచి నగరానికి తెలియకపోలేదు: దేశం ఏర్పడి పదేళ్లు నిండిన సందర్భంగా 1981 డిసెంబరులో, అల్ కుసైస్‌కు ఎంతో దూరం లేని దేరాలో, హయత్ రీజెన్సీ హోటల్ చుట్టూ వీధులను మూసి దుబాయ్ గ్రాండ్ ప్రి పేరుతో ఒక ప్రదర్శన ఉత్సవం జరిపి, పాత తరం ప్రపంచ చాంపియన్లను పిలిపించారు. దాని వెనుక స్థానిక డ్రైవర్లను తయారుచేసే ఏర్పాటేదీ లేకపోవడంతో, ఉత్సవం ముగియగానే రోడ్లు మళ్లీ మామూలు రోడ్లయ్యాయి.

2004లో దుబాయ్ ఆటోడ్రోమ్ తెరుచుకోవడంతో శాశ్వత ట్రాకు వచ్చింది. దాని పూర్తి చుట్టు 5.39 కిలోమీటర్లు, పక్కనే కార్టింగ్ ట్రాకు కూడా కట్టారు. 2005 డిసెంబరులో దేశాల పేరిట జట్లు పోటీపడే ఏ1 గ్రాండ్ ప్రి, 2008 జనవరిలో ఫార్ములా 1కు ఒక మెట్టు దిగువనున్న జీపీ2 తరగతి ఆసియా పోటీ అక్కడికి వచ్చాయి. 2009 నవంబరు 1న అబుదాబిలోని యాస్ మెరీనా సర్క్యూట్‌లో తొలి ఫార్ములా 1 గ్రాండ్ ప్రి జరిగింది. అంటే ఐదేళ్ల వ్యవధిలో నిచ్చెన పై భాగమంతా సిద్ధమైంది. అడుగున మాత్రం ఆటోడ్రోమ్‌లో నడిచిన ఫార్ములా గల్ఫ్ 1000 అనే ప్రాంతీయ తరగతి ఒక్కటే ఉండేది. గల్ఫ్‌లో ఉంటున్న కుర్రాళ్లకు అది పనికొచ్చినా, దాని విజయాలను ఐరోపాలో లెక్కలోకి తీసుకునేవారు లేరు.

ఎఫ్ఐఏ ముద్రతో తొలి మెట్టు 2016లో వచ్చింది. ఎమిరేట్స్ ఆటోమొబైల్ అండ్ టూరింగ్ క్లబ్ ఆధ్వర్యంలో ఫార్ములా 4 యూఏఈ చాంపియన్‌షిప్ ఆ ఏడాది అక్టోబరులో మొదలై, 2016-17 సీజన్‌గా సాగింది. మొదటి చాంపియన్ దక్షిణాఫ్రికాకు చెందిన జొనాథన్ అబర్డీన్. తర్వాతి సీజన్‌లో బెల్జియం కుర్రాడు చార్లెస్ వీర్ట్స్, 2019లో ఇటలీకి చెందిన మాతేయో నన్నీని, 2020లో ఫ్రాంచెస్కో పిత్సీ గెలిచారు.

ఆ తొలి తరం కారు ఇటలీలోని తాతూస్ కంపెనీ తయారీ. గొట్టాల చట్రం స్థానంలో కార్బన్ ఫైబర్‌తో పోతపోసినట్టుండే గూడు, ముందూ వెనుకా రెక్కలు, గీతలు లేని నున్నటి టైర్లు, స్టీరింగు వెనుకనున్న మీటలతో మార్చుకునే ఆరు గేర్లు — చూపుకు ఇది చిన్న ఫార్ములా 1 కారే. డ్రైవరు లోపలికి దిగాలంటే ముందు స్టీరింగును ఊడదీయాలి; నడుముకు, భుజాలకు, తొడలకు పట్టీలు బిగించాక దాన్ని తిరిగి అమర్చాలి. వెనుకనున్న ఇంజన్ మాత్రం ఈ తరగతి పాత ఆచారాన్ని తప్పలేదు: ఫియట్ చిన్న కార్ల పందెపు శాఖ అబార్త్ ఇచ్చిన 1.4 లీటర్ల టర్బో, సుమారు 160 అశ్వశక్తి. బీటిల్ నుంచి కార్టినా మీదుగా అబార్త్ దాకా, ప్రతి తరంలోనూ బజారులో తిరిగే బండి గుండెనే ఈ తరగతి అరువు తెచ్చుకుంటూ వచ్చింది. 2022 నుంచి వాడుకలోకి వచ్చిన రెండో తరం కారులో ఇంజన్ బలం పెరగడంతో పాటు, డ్రైవరు తల చుట్టూ కమానులా వంగి ఎగిరిపడే వస్తువులనుంచి కాపాడే 'హేలో' అనే కవచం కూడా చేరింది.

ఎమిరేట్స్ పోటీకి అసలు బలం అక్కడి వాతావరణం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో పందెం నడపడం కష్టం. అదే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఐరోపా ట్రాకులు మంచుతో, వానతో మూతపడి ఉంటే, దుబాయ్‌లో, అబుదాబిలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. తొలి రెండు సీజన్లు శరత్కాలం నుంచి వసంతం దాకా సాగదీసి జరిగినా, 2019 నుంచి పోటీని ఏడాది మొదట్లోని కొద్ది వారాల్లోకి కుదించారు. దాంతో దాని అర్థమే మారిపోయింది: ఐరోపా జట్లు తమ కార్లను, మెకానిక్కులను దించి, వేసవిలో ఇటలీలోనో, బ్రిటన్‌లోనో పోటీపడబోయే కుర్రాళ్లకు ఇక్కడ ముందస్తు సాధన చేయించడం మొదలుపెట్టాయి. 2022లో ఇటాలియన్ జట్టు ప్రేమా తరఫున చార్లీ వుర్జ్ టైటిల్ గెలవగా, 2023లో అది జేమ్స్ వార్టన్‌కు దక్కింది. 2023లో పోటీ కువైట్‌కు కూడా విస్తరించగా, 2025 నాటికి దాని పేరే ఫార్ములా 4 మిడిల్ ఈస్ట్‌గా మారింది. దీనికి పై మెట్టైన ఫార్ములా రీజనల్ మిడిల్ ఈస్ట్ పోటీలో 2023లో గెలిచిన ఆండ్రియా కిమీ ఆంతొనెల్లి, రెండేళ్లకే మెర్సిడెస్ జట్టు ఫార్ములా 1 కారులో కూర్చున్నాడు.

చాంపియన్ల జాబితాను కాస్త నిదానించి చదివితే ఈ తరగతికి పాత జబ్బు తగ్గలేదని తెలుస్తుంది. 2019 విజేత నన్నీని పినతండ్రి వరసైన అలెస్సాండ్రో, 2021 విజేత ఎంజో తండ్రి యార్నో ట్రుల్లీ, 2022 విజేత చార్లీ తండ్రి అలెగ్జాండర్ వుర్జ్ ముగ్గురూ ఫార్ములా 1 డ్రైవర్లే. ఇలాంటి ఇంటివారికి ఏ జట్టును ఎంచుకోవాలో, ఎంత సాధన చేయించాలో, ఆ ఖర్చును ఎలా భరించాలో ముందే తెలుసు. కారు ధరకు నియమావళి కళ్లెం వేయగలదు గానీ, విమాన రవాణాకు, టైర్లకు, సాధన రోజులకు, సలహాదారులకు వేయలేదు. ప్రవేశ తరగతి అన్న పేరులోని ప్రవేశం వయసు రీత్యా నిజం. జేబు రీత్యా కాదు.

స్థానికుల సంగతికి వస్తే, ఈ పోటీ ఇచ్చిన స్పష్టమైన ఫలితం ఇద్దరు అక్కచెల్లెళ్లు. అబుదాబికి చెందిన ఆమ్నా, హమ్దా అల్ కుబైసీ ఫార్ములా 4 యూఏఈలో పోటీపడి, 2023లో మహిళల కోసం ఫార్ములా 1 సంస్థ ప్రారంభించిన ఎఫ్1 అకాడమీ తొలి సీజన్‌కు చేరారు. ఆ అకాడమీ వాడేదీ ఫార్ములా 4 రెండో తరం కారు చట్రమే. వీరి తండ్రి ఖాలిద్ అల్ కుబైసీ స్వయంగా లె మాన్స్ పందెంలో దిగిన డ్రైవరు కావడం పై సూత్రానికి మరో ఉదాహరణ.

ఈ కథకు అద్దంలా నిలిచేది భారతదేశపు అనుభవం. అక్కడ మెట్లు అచ్చంగా కిందినుంచే కట్టారు. తెలుగు మూలాలున్న కుటుంబాలు నూలు మిల్లులతో నిలబెట్టిన కోయంబత్తూరులో, లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే చిన్న సింగిల్ సీటర్‌ను రూపొందించాడు. 1992లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాకులో ఆ కారుతోనే రంగప్రవేశం చేసిన నారాయణ్ కార్తికేయన్ 2005లో భారతదేశపు తొలి ఫార్ములా 1 డ్రైవర్ అయ్యాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ పేరును కోయంబత్తూరు ట్రాకు నేటికీ మోస్తోంది. తర్వాత స్విఫ్ట్ ఇంజన్‌తో ఫార్ములా ఎల్‌జీబీ వచ్చింది. ఐరోపాలో మూలపడిన ఫార్ములా బీఎండబ్ల్యూ కార్లు భారతదేశంలో జేకే టైర్ పోటీల్లో రెండో జన్మ ఎత్తాయి. వాటితో నడిచిన యూరో జేకే టైటిల్‌ను హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016లోనూ, 2017లోనూ గెలిచాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరపు వీధుల్లో విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగిన ఏడాదే, ఎఫ్ఐఏ గుర్తింపుతో భారత ఫార్ములా 4 కూడా మొదలైంది. 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును నటుడు నాగచైతన్య కొనుగోలు చేయడంతో తెలుగు పత్రికల్లో ఫార్ములా 4 పేరు మారుమోగింది. అదే ఏడాది ఎమిరేట్స్ టైటిల్‌ను బ్రిటిష్ కుర్రాడు ఫ్రెడ్డీ స్లేటర్ ముంబై ఫాల్కన్స్ అనే భారతీయ జట్టు పేరిట గెలవడంతో, కిందినుంచి కట్టిన నిచ్చెనా, పైనుంచి దించిన నిచ్చెనా ఒకచోట కలిసినట్టయింది.

నిచ్చెన ఎక్కడానికి ఎఫ్ఐఏ పెట్టిన లెక్క ఒకటుంది. ఫార్ములా 1లో నడపాలంటే 'సూపర్ లైసెన్సు' కావాలి, దానికి మూడేళ్లలో 40 పాయింట్లు కూడబెట్టాలి. ఫార్ములా 4 జాతీయ చాంపియన్‌కు దక్కేవి 12. పదిహేనేళ్ల కుర్రాడు ఆటోడ్రోమ్ నేరు దారిలో 200 కిలోమీటర్ల వేగం దాటించవచ్చు గానీ, పందెం ముగిశాక అల్ కుసైస్ వీధిలో మామూలు కారు తాళం తిప్పడానికి వీల్లేదు. 2025 మార్చి 29న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఎమిరేట్స్‌లో డ్రైవింగ్ వయసును 18 నుంచి 17కు మాత్రమే తగ్గించింది. పైగా 2016లో అమల్లోకి వచ్చిన సూపర్ లైసెన్సు నిబంధనల్లో, పాయింట్లతో పాటు మామూలు రోడ్డు లైసెన్సు కూడా ఉండాలన్న షరతు పెట్టారు. ఆ షరతు ప్రకారం, దుబాయ్‌లో పెరిగిన కుర్రాడు ఎవరైనా ఈ మెట్లన్నీ ఎక్కి ఫార్ములా 1 తలుపు తట్టేలోగా, నగరానికి ఉద్యోగం కోసం వచ్చిన ప్రతి మనిషిలాగే, పక్కన ఇన్‌స్పెక్టరును కూర్చోబెట్టుకుని, సూచిక లైటు వేసి, అద్దం చూసి, నెమ్మదిగా మలుపు తిప్పే పరీక్షలో కూడా గెలవాల్సి ఉంటుంది.